పాడినవాళ్ల పేరు కూడా చెప్పండి
(ఉప్పాడలో జరిగిన మన యువతీ యువకుల సాంస్కృతిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మీలో చాలామంది కొండల నుంచి వచ్చి సముద్రాన్ని మొదటిసారి చూస్తున్నారని తెలుసు. మీ చూపు మా వైపు కంటే అటే ఎక్కువగా పోతోంది. ఫరవాలేదు, చూస్తూనే వినండి. అలలు ఎలాగూ మధ్యలో అడ్డొస్తాయి, మైకు కూడా దానికి తగ్గట్టే ఉంది.

మాకు ఇచ్చిన అంశం "మాకు నచ్చిన పాటలు, పాటగాళ్లు". హాస్టల్ వార్డెన్లను పిలిచి ఎవరూ ఇలాంటి అంశం ఇవ్వరు. క్రమశిక్షణ గురించో, పరిశుభ్రత గురించో, పదో తరగతి ఫలితాల గురించో చెప్పమంటారు. అందుకని ఈ పిలుపు రాగానే ఎంతో సంతోషపడ్డాం. వార్డెన్ అంటే అరిచే మనిషి అని మీ అందరికీ తెలుసు. పాటలు కూడా వింటుందని ఇవాళ తెలుస్తుంది.

మా ఇంట్లో ముగ్గురం అక్కచెల్లెళ్లం. ఇవాళ మాట్లాడేది ఒక్కరమే అయినా, విన్న చెవులు ముగ్గురివీ. అందుకే "మేం" అంటున్నాం, గొప్పకు కాదు. మా నాన్న దగ్గర ఒక రేడియో ఉండేది. బ్యాటరీలు నీరసిస్తే ఎండలో పెట్టేవాడు, ఇంకో రెండు రోజులు పలికేవి. రాత్రి అన్నం తిన్నాక విజయవాడ కేంద్రమో విశాఖపట్నం కేంద్రమో, ఏది అందితే అది. కొండ పక్క ఊరు కదా, గాలి ఎటు ఉంటే అటు అన్నట్టుండేది వ్యవహారం. పాటకు ముందు రేడియోలో ఆవిడ చెప్పే మాటలు మాకు పాట కంటే ముందు కంఠతా వచ్చేశాయి. ఏ సినిమా, ఎవరు రాశారు, సంగీతం ఎవరు, గానం ఎవరు. ఘంటసాల, సుశీల, జానకి, పి.బి. శ్రీనివాస్, జిక్కి. వాళ్ల ముఖాలు మేం చూడలేదు. పేర్లు మాత్రం మా బంధువుల పేర్లంత తెలుసు.

వీళ్లందరిలో మాకు ఎక్కువ ఇష్టం ఎవరంటే మా ముగ్గురికీ ఇప్పటికీ తగువే. పెద్దక్కకు ఘంటసాల. ఆయన గొంతులో ఆయాసం కూడా అందంగానే ఉంటుందంటుంది. చెల్లికి జానకి. 1962లో వచ్చిన మురిపించే మువ్వలు సినిమాలో కారుకురిచ్చి అరుణాచలం నాదస్వరంతో పోటీపడి జానకి పాడిన పాట ఒకటుంది. ఆ సన్నాయి ఎక్కడ ఆగిందో, గొంతు ఎక్కడ అందుకుందో తెలియదు. అది వింటే మాకు మన వైపు ధింసా ఆటలో మోరీ ఊదేవాళ్లు గుర్తొస్తారు. ఊపిరి బుగ్గల్లో దాచుకుని, మధ్యలో తెగనివ్వకుండా ఊదుతారు చూడండి, అదే విద్య. ఒకటి కచేరీ అయింది, ఒకటి పండగ దగ్గరే ఉండిపోయింది.

మా ఓటు మాత్రం పి.బి. శ్రీనివాస్‌కే. మంచి మనిషి సినిమాలో ఆయన పాడిన గులాబీ పాట విన్నవాళ్లకు ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. గొంతు పెంచడు, బతిమాలడు, పక్కన కూర్చుని మాట్లాడినట్టు పాడతాడు. కన్నడ దేశంలో రాజ్‌కుమార్‌కు చాలాకాలం గొంతు ఆయనదే. ఆయన 1930లో పుట్టింది ఎక్కడో కాదు, ఈ పక్కన కాకినాడలో. మనం ఇవాళ బస్సు మారి వచ్చిన ఊరు.

కాకినాడ పేరు వచ్చింది కాబట్టి ఇంకొకరి సంగతి. ఆదినారాయణరావు గారు. కాకినాడలో యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ అని నాటకాల సంస్థ ఉండేది. అంజలీదేవి, ఎస్వీ రంగారావు లాంటివాళ్లతో పాటు ఆయనా అక్కడ పనిచేసి మద్రాసు వెళ్లారు. 1974 మే 1న విడుదలైన అల్లూరి సీతారామరాజు సినిమాకు సంగీతం ఆయనది. మన మన్యం కథకు సినిమాలో బాణీ కట్టింది ఈ తీరం మనిషి. అందులో శ్రీశ్రీ రాసిన పాటకు జాతీయ అవార్డు వచ్చింది. పాడినవాళ్లలో ఒకరు ఘంటసాల. ఆయన ఆ ఫిబ్రవరి 11నే పోయారు, సినిమా మేలో వచ్చింది. ఆగస్టు 15న మన హాస్టళ్లలో ఆ పాట వేయని చోటు లేదు. మేం ఇప్పటికీ ఆ పాటకు లేచి నిలబడతాం.

ఆ పాట వచ్చినప్పుడల్లా మేం పిల్లల్ని ఒక ప్రశ్న అడుగుతాం. రాజుగారితో పాటు ఆ పోరాటంలో ఎవరున్నారు? చేతులు టకటకా లేస్తాయి. "మన్యం ప్రజలు మేడమ్!" అంటారు. ప్రజలు సరే, పేర్లు? చేతులు దిగిపోతాయి. గాం గంటం దొర, గాం మల్లు దొర అన్నదమ్ములు. గంటం దొర 1924లోనే ప్రాణం ఇచ్చాడు. మల్లు దొర జైలు నుంచి బయటకు వచ్చి, 1952లో మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. రాజుగారి పేరు మనం మరిచిపోలేదు, మరవకూడదు కూడా. కానీ మన పేర్లు వచ్చేసరికి అందరం కలిసి "ప్రజలు" అయిపోతాం. పాటల్లోనూ ఇదే జరుగుతోంది. ఇవాళ మాట్లాడాలనుకున్నది దీని గురించే.

మా నాయనమ్మ పాడేది. మామిడి కొత్తలప్పుడు, చిక్కుడు కొత్తలప్పుడు, పెళ్లిలో, వరినాట్లలో. రెండు వరసల్లో ఆడవాళ్లు ఒకరి నడుం ఒకరు పట్టుకుని నిలబడతారు. ఒక వరస అంటుంది, రెండో వరస అందుకుంటుంది. కాళ్లు ఒకే చోట పడతాయి. రేల పాటలు మీకందరికీ తెలుసు. వేసవిలో ఆకు కనబడకుండా పసుపు గుత్తులు వేలాడే రేల చెట్టు పేరే ఆ పాటలకు పల్లవి అయింది. అందులో మా నాయనమ్మ ఎప్పుడూ ముందు అందుకునే మనిషి. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లలో పెళ్లయితే కబురొచ్చేది. ఆమె పోయి పాతికేళ్లు దాటింది. ఆమె గొంతు ఎక్కడా లేదు. రేడియోలో విన్న పాటలన్నీ మాకు ఫోనులో దొరుకుతున్నాయి, మా ఇంట్లో విన్నవే దొరకడం లేదు.

ఇప్పుడు హాస్టల్ సంగతి. కొన్నేళ్ల కిందట ఆరో తరగతిలో ఒక పిల్ల చేరింది. కోయ పిల్ల. స్నానాలగదిలో ఒక్కతే ఉన్నప్పుడు పాడుకునేది. తలుపు బయట నిలబడి వింటే ఎంత బాగుండేదో! ఆదివారం సాయంత్రం అందరి ముందూ పాడమన్నాం. రెండు ముక్కలు పాడిందో లేదో వెనక బెంచీల్లో కిసకిసలు. మాట అర్థం కాక కొందరు, యాసకు కొందరు. నవ్వినవాళ్లు పరాయివాళ్లయితే వేరే సంగతి, వాళ్లూ మన పిల్లలే. తర్వాత ఆ పిల్ల స్టేజీ ఎక్కమంటే సినిమా పాటే పాడేది. స్నానాలగదిలో పాట కూడా ఆగిపోయింది. ఏడాదిలో పదిహేను రోజులు సంక్రాంతికి ఊరెళ్తే మళ్లీ కొంచెం వచ్చేది, జనవరి నెలాఖరుకు మళ్లీ పోయేది.

మేం టీచర్ ట్రైనింగులో చదువుకున్నాం, పిల్ల ఇంటిభాషలో మొదలుపెడితే చదువు నిలబడుతుందని. కోయ, సవర, కువి భాషల్లో వాచకాలు కూడా ప్రభుత్వం తెచ్చింది. పుస్తకం వచ్చినా నవ్వు ఆగలేదు. నవ్వు ఆగాలంటే ఆ పాట గొప్పదని నవ్వేవాడికి ఎవరో చూపించాలి. అందుకే ఇప్పుడు ముగ్గురి సంగతి చెబుతాం. ముగ్గురూ మాకు ఇష్టమైనవాళ్లే.

ముందు ఇద్దరు కాకినాడ అక్కచెల్లెళ్లు. వాళ్లను విడదీసి చెప్పలేం కాబట్టి ఒకరిగానే లెక్కవేద్దాం. వింజమూరి అనసూయాదేవి, సీతాదేవి. అనసూయాదేవి 1920లో కాకినాడలో పుట్టారు. తల్లి వెంకటరత్నమ్మ గారు ఆ రోజుల్లోనే ఆడవాళ్ల కోసం పత్రిక నడిపిన మనిషి. మేనమామ దేవులపల్లి కృష్ణశాస్త్రి. ఆయనది ఈ పిఠాపురం పక్క చంద్రంపాలెం. ఆయన రాసిన దేశభక్తి గీతం ఒకటి స్కూళ్లలో ఇప్పటికీ పాడిస్తాం, దానికి వరుస కట్టింది అనసూయాదేవే. అలాంటి ఇంట్లో పుట్టి, శాస్త్రీయ సంగీతం నేర్చుకున్న పిల్లలు పల్లె పాటల వెంట పడ్డారు. పెద్ద సభల్లో పల్లె పాటకు చోటులేని కాలం అది. విన్న పాటల్ని రాసుకున్నారు, స్వరాలు కట్టి పుస్తకాలు వేశారు, మద్రాసు రేడియోలో పాడారు. 1979లో వచ్చిన మా భూమి సినిమా సంగీతంలో సీతాదేవి చెయ్యి ఉంది. అనసూయాదేవి 2019లో అమెరికాలోని హ్యూస్టన్‌లో కన్నుమూశారు. కాకినాడలో విన్న పల్లె పాట అంతదూరం వెళ్లింది.

మాకు వాళ్లంటే అంత గౌరవం ఎందుకో చెబుతాం. వాళ్లు కొత్త పాట కనిపెట్టలేదు, ఉన్నదాన్ని విన్నారు. వినడమూ ఒక పనేనని వాళ్లను చూసి తెలుసుకున్నాం. కానీ వాళ్లు విన్నవి ఎక్కువగా మైదానం పాటలు. కొండకు వాళ్లలాంటివాళ్లు రావాలంటే ఎవరు రావాలి? కాకినాడ నుంచి ఎవరో వస్తారని కూర్చుంటే మా నాయనమ్మ సంగతే అవుతుంది. మీరు అక్కడే ఉన్నారు, భాష వచ్చు, ఫోనుంది.

రెండోవారు వంగపండు ప్రసాదరావు గారు. పార్వతీపురం వైపు మనిషి, 1943లో పుట్టారు, 2020లో పోయారు. విశాఖ షిప్‌యార్డులో పనిచేశారు. ఆయన రాజకీయం మీకు నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు, అది వేరే సభలో మాట్లాడుకోండి. మేం చెప్పేది ఆయన యాస గురించి. ఉత్తరాంధ్ర కూలిజనం, జాలరులు, కొండవాళ్లు మాట్లాడే మాటను ఏమాత్రం దువ్వకుండా పాటలో పెట్టారు. ఆయన పాటను పుస్తకాల తెలుగులోకి మార్చి పాడి చూడండి, చచ్చిపోతుంది. మేం ఒకసారి మా పిల్లల చేత ఆ పని చేయించాం. రెండు లైన్లు కాగానే వాళ్లకే నవ్వొచ్చింది. ఆ నవ్వు మాకు నచ్చింది, ఎందుకంటే ఈసారి నవ్వింది యాసను చూసి కాదు, యాస తీసేసినదాన్ని చూసి.

మూడోవారు మనవారే. సకిని రామచంద్రయ్య గారు. మణుగూరు దగ్గర కూనవరం. కోయల్లో డోలీలు. కోయల ఇంటిపేర్ల కథలు, గట్టుల కథలు, వేల్పుల కథలు తరతరాలుగా నోటితో చెప్పేది వాళ్లే. ఆయన వాద్యం కంచుమేళం, కంచుతాళం. సమ్మక్క సారలమ్మల కథ ఆయన కోయలోనూ చెప్పేవారు, తెలుగులోనూ చెప్పేవారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024 జూన్‌లో ఆయన పోయారు. పద్మశ్రీ వచ్చిన రోజు మా హాస్టల్లో పేపరు కటింగు గోడకు అంటించాం. స్నానాలగదిలో పాడుకునే పిల్ల గుర్తుంది కదా? అప్పటికి పెద్ద తరగతికి వచ్చింది. గోడ దగ్గర చాలాసేపు నిలబడి, "మేడమ్, ఈయన మా మాటే కదా మాట్లాడేది?" అని అడిగింది. అవునన్నాం. ఇంకేం అనలేదు, మేమూ ఇంకేం చెప్పలేదు. ఆ వారంలో స్నానాలగదిలో పాట మళ్లీ వినిపించింది. ఈసారి తలుపు కొంచెం తీసి ఉంది.

ఇక ఈ ఊరి సంగతికి వద్దాం. పొద్దున మిమ్మల్ని మగ్గాల దగ్గరకు తీసుకెళ్లారు కదా? జాందానీ మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. బుటా ఒక్కొక్క పోగుగా చేత్తో తీర్చాలి. ఒక చీరకు వారాలు, పెద్ద పనైతే నెలలు పడుతుంది. ఆ చీర ఏ బొంబాయి షాపులో వేలాడినా దాన్ని ఉప్పాడ చీర అంటారు. 2009లో ఈ చీరలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఎక్కడో మిషను మీద నేసి ఉప్పాడ జాందానీ అని అమ్మితే చట్టం ఒప్పుకోదు. మన అరకు కాఫీకి కూడా 2019లో అలాంటి గుర్తింపే వచ్చింది. అలాగని మోసం ఆగిపోయిందని చెప్పం, ఈ ఊరి నేతగాళ్లను అడిగితే వాళ్లే చెబుతారు. కానీ అడగడానికి ఒక కాగితం ఉంది. చీరకు ఊరుంది, కాఫీకి కొండ ఉంది. పాటకు?

2021లో లవ్ స్టోరీ సినిమాలో సారంగ దరియా పాట వచ్చింది. మీలో దానికి డాన్సు చేయనివాళ్లు ఉంటే చెయ్యి ఎత్తండి. చూశారా, ఎవరూ లేరు. సినిమాకు రాసింది సుద్దాల అశోక్ తేజ, పాడింది మంగ్లీ, సంగీతం పవన్. మంచి పాట, మేమూ వింటాం. కానీ అది జానపదం నుంచి వచ్చింది. అంతకుముందు దాన్ని రేలా రే రేలా టీవీ కార్యక్రమంలో పాడిన గాయని, తన ప్రస్తావన ఏదని అడిగారు. చాలా చర్చ జరిగింది. ఎవరిది ఎంత అని తీర్పు చెప్పడం మా పని కాదు. ఒక్కటి గమనించండి. ఆమె అడగగలిగింది, ఎందుకంటే ఆమె పాడినట్టు టీవీలో రికార్డు ఉంది. ఆమెకంటే ముందు ఏ ఊళ్లో ఏ అవ్వ పాడిందో, ఆ అవ్వ అడగలేదు. ఇంకో మాట, ఆ కార్యక్రమం పేరులో ఉన్న రేల మన చెట్టుదే. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూసినవాళ్లలో ఎంతమందికి తెలుసు?

సినిమావాళ్లను తిట్టడం తేలిక. మనం ఏం చేస్తున్నాం? ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి మన కుర్రాళ్లు పెట్టే వీడియోలు చూస్తుంటాం. కొమ్ముకోయ ఆటకు వెనక డీజే ట్రాకు. కొమ్ములు ప్లాస్టిక్‌వి. అడవిదున్న కొమ్ములు కొత్తగా ఎక్కడా దొరకవు, దొరకకూడదు కూడా, చట్టం ఉంది, ప్లాస్టిక్ పెట్టుకుంటే తప్పు లేదు. కానీ ఆ డోలు ఎందుకు తీసేశారు? ఒక పక్క నిజంగా పాడిన ముసలామె వీడియో పెడతారు, కింద "సూపర్ ట్రైబల్ ఫోక్" అని రాస్తారు. ఆమె పేరు లేదు, ఊరు లేదు. మీ ఛానల్ పేరు మాత్రం మూడు రంగుల్లో వెలుగుతుంది. తమ్ముళ్లూ, మీకు కోపం రావచ్చు. మైకు మా చేతిలో ఉంది కాబట్టి చెప్పేశాం.

మరి ఏం చేయాలి? పెద్ద పనేం కాదు. సెలవులకు ఊరెళ్లినప్పుడు ఎవరు పాడతారో వాళ్ల దగ్గర కూర్చోండి. ఫోను పక్కన పెట్టి ముందు వినండి. తర్వాత, రికార్డు చేసుకోనా అని అడగండి. వద్దంటే మానేయండి. చావు దగ్గర పాడేవి, వేల్పుల దగ్గర పాడేవి బయట పాడకూడదని కొందరంటారు. అది వాళ్ల హక్కు, లైకుల కోసం దాన్ని దాటకండి. సరేనంటే, పాటకు ముందు వాళ్ల పేరు వాళ్ల నోటితోనే చెప్పించండి. ఊరు, ఎప్పుడు పాడే పాట, ఎవరి దగ్గర నేర్చుకున్నారు. నాలుగు మాటలే. మా రేడియో ఆవిడ ప్రతి పాటకు ముందు చెప్పినవి అవే కదా. పక్కన కోళ్లు అరిచినా, పిల్లాడు ఏడ్చినా ఆపవద్దు, అదీ ఉండనివ్వండి. పాటలో అర్థం కాని మాట ఉంటే అప్పుడే అడిగి రాసుకోండి, రేపు అడుగుదామంటే రేపటికి ఆ మనిషే ఉండకపోవచ్చు. ఒక కాపీ వాళ్లింట్లో ఫోనులో ఎక్కించి రండి. మా హాస్టల్లో పిల్లలు గత రెండు వేసవుల్లో ఇలా తెచ్చినవి ఇరవై మూడు ఉన్నాయి. ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టాం, ఒక నోటుబుక్కులో పేర్లు రాశాం. దాంట్లో సగం కోయ, మిగతావి కొండరెడ్ల తెలుగు. ఆ తెలుగు చదువుకున్న తెలుగు కాదు, దిద్దకుండానే రాశాం.

తొందర ఎందుకంటే ఒక కారణం ఉంది, ఇక్కడ దేవీపట్నం వైపు నుంచి వచ్చిన పిల్లలకు బాగా తెలుసు. పోలవరం నీళ్లు వచ్చాక వాళ్ల ఊళ్లు ఖాళీ అయ్యాయి. కాలనీల్లో ఇళ్లు వరసగా ఉన్నాయి, సిమెంటు రోడ్డుంది, కరెంటుంది. మామిడి చెట్టు లేదు, మామిడి కొత్త ఎక్కడ చేస్తారు? భూమి పండుగకు మగవాళ్లు వేటకు వెళ్తే, ఆడవాళ్లు దారికి అడ్డంగా దుంగ వేసి వచ్చేపోయేవాళ్లను ఆపి, పాట పాడి డబ్బులు అడిగేవాళ్లు కదా. ఖాళీ చేతులతో తిరిగొచ్చిన మగవాళ్లను ఏడిపించే పాటలూ ఉండేవి. అడవి లేని చోట ఆ పాటకు పని లేదు. పని లేని పాట ఇంకో తరం వరకు నిలవడం కష్టం. ఒక పిల్ల తెచ్చిన రికార్డులో ఆమె అమ్మమ్మ మధ్యలో పాట ఆపి, "ఇది ఆ వాగు దగ్గర పాడతాం" అంటుంది. తర్వాత కాసేపు ఏమీ వినపడదు. అదీ ఉంచాం.

ఈ ఊరివాళ్లకు అది బాగా అర్థమవుతుంది. ఇక్కడ సముద్రం ఏటా ఊరిని కొంచెం కొంచెంగా తీసుకుపోతోంది. తుఫాను వస్తే కాకినాడ రోడ్డే కోసుకుపోతుంది. అడ్డంగా రాళ్లు పోశారు, మీరు ఎక్కి ఫొటోలు దిగినవి అవే. పొద్దున తాత ఒకాయన వలలు సర్దుతూ కనిపిస్తే, ఒడ్డుకు వల లాగేటప్పుడు పాడే పాటలు ఇప్పుడు ఉన్నాయా అని అడిగాం. "ఇంజిన్ వచ్చాక గొంతెందుకమ్మా" అన్నాడు. కాసేపయ్యాక తనే మొదలుపెట్టాడు. మా పిల్లల్లో ఒకడు ఫోను తీయబోయి, ఆగి, "తాతా, నీ పేరేంటి?" అని అడిగాడు. మేం ఏమీ చెప్పలేదు, వాడే అడిగాడు.

టైమయిందని చీటీ వచ్చింది. ఇంకా మాకు ఇష్టమైనవాళ్లు చాలామంది మిగిలిపోయారు, సుశీల గారి గురించి ఒక్క మాటా చెప్పలేదు. మా అక్క ఈ పాఠం చదివితే ఊరుకోదు. ఇప్పుడు మా పిల్లలు ఎనిమిది మంది రేల పాట పాడతారు. ముందు అందుకునే పిల్ల ఎవరో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. డిగ్రీ చదువుతోంది, దీని కోసమే వచ్చింది. ఆమె ముందు తన పేరు, తర్వాత ఈ పాట నేర్పిన మనిషి పేరు చెబుతుంది. సముద్రపు గాలికి డప్పులు మెత్తబడ్డాయి, అటు పక్క మంట దగ్గర కాచుతున్నారు. అది బిగిసేదాకా రెండు నిమిషాలు ఆగండి.